గాలి మళ్ళేదాకా

అగ్గిపుల్ల గీసిన వాసన. ఇప్పుడే వచ్చింది, ఇప్పుడే పోయింది. ఈ గదిలో ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు, గీయకూడదని గోడమీద ఎర్ర బొమ్మ కూడా అంటించారు, కాబట్టి ఇది కొండ వాసనే, పైన నోరు తెరుచుకుని కూర్చున్న కొండది, గంధకం కాలిన వాసన. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే జాగ్రత్తపడు, కాలిన అగ్గిపుల్ల వాసన గొంతుకి తగిలితే మాత్రం ఇంకేం ఆలోచించకుండా దిగిపో అని మా డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. గొంతుకి తగిలిందా? మింగి చూసుకున్నాను. లేదు, ముక్కుకే తగిలింది. కానీ ఉబ్బసం మనిషికి ముక్కుమీద నమ్మకం ఉండదు, గొంతుమీద ఉండదు, ఛాతీమీద అసలే ఉండదు, ఈ రోజు బావుంది కదా అని ధీమాగా ఉన్నప్పుడే అది తలుపేసుకుంటుంది. ఎదుటి గోడకి మూడు దీపాల బోర్డు ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇప్పుడు పసుపు వెలుగుతోంది. పసుపంటే గాలి ఇంకా ఇటువైపే వీస్తోందని, పొగ బాటమీదికి వాలుతోందని, నోరు మూసుకుని కూర్చోమని. ఆకుపచ్చ వస్తే కొండ అంచుదాకా మెట్లెక్కి, లోపలికి తొంగిచూసి, గాలి మనసు మార్చుకునేలోపు దిగి రావాలి. గేటు దగ్గర మెడలో విజిలు వేసుకుని ఒక కాపలామనిషి నిలబడి ఉంది. ఆమెకి నేను మనసులోనే విజిలమ్మ అని పేరు పెట్టుకున్నాను. వచ్చీరాగానే అందరికీ వినబడేట్టు చెప్పింది: ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళని ఒంటరిగా పంపరట, పక్కన ఒక తోడు ఉండాలట, ఆ తోడు గట్టి మనిషై ఉండాలట, పైన గాలి తిరగబడితే రెక్క పట్టుకుని కిందికి లాక్కురాగలిగినంత గట్టి మనిషి. ఇన్హేలరు చేతిలో పట్టుకుని చూపించాలట. తోడూ ఇన్హేలరూ రెండూ ఉంటేనే గేటు తెరుస్తుందట. రెండూ ఉన్నాయి నాకు. ఇన్హేలరు ఒంటి వెచ్చదనం తగిలేట్టు కోటు లోపలి జేబులో ఉంది. తోడు కిటికీ దగ్గర నిలబడి పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తున్నాడు.

ఆ పిప్పరమెంటే నాకు మింగుడు పడటం లేదు. పెళ్ళయిన కొత్తలోనూ చూశాను, మొన్నమొన్నటిదాకానూ చూశాను, ఈ మనిషి తీపి ముట్టడు. కొన్ని వారాలుగా మాత్రం జేబులో గలగల. లేవగానే ఒకటి, భోజనం కాగానే ఒకటి, వీధిలోకి వెళ్ళొచ్చాక తప్పనిసరిగా ఒకటి. ఎందుకండీ అంటే నోరు చప్పగా ఉందంటాడు. నేను సగం జీవితం హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసిన మనిషిని. నోరు చప్పగా ఉందనే మాట నా దగ్గరా? మురికిగా ఉన్న వంటగది నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు, మురికి కనబడుతుంది కాబట్టి దాన్ని రాసుకుని వచ్చేయొచ్చు. నాకు అనుమానమల్లా అప్పుడే కడిగిన నేలమీద, ఫినాయిలు ఘాటు కొట్టే వంటగదిమీద, మేడమ్ కూర్చోండి మేడమ్ అంటూ కుర్చీ తుడిచే యజమానిమీద. నేను కూర్చునేదాన్ని కాదు, తిన్నగా ఫ్రిజ్ వెనక్కి పోయి చెయ్యి పెట్టేదాన్ని. మా ఆయన దగ్గర ఇప్పుడు ఆ ఫినాయిలు వాసన. బాల్కనీలోకి వెళ్తే తలుపు వేసుకుంటున్నాడు. సందు చివరి కొట్టుకి పాలకోసం వెళ్తే నేను బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టి అవి ఉడికినా రాడు. వచ్చాక గుమ్మం దగ్గర ఆగుతాడు, చెప్పులు విప్పడానికి అంతసేపా, తర్వాత బిళ్ళ నోట్లో వేసుకుని నవ్వుమొహంతో లోపలికొస్తాడు. పోయిన వారం అమ్మాయి ఫోన్‌లో, అమ్మా, నాన్న దగ్గుతున్నాడేంటి అంటే, వెనకనుంచి తనే అరిచాడు, నీళ్ళు పొలమారాయే అని. గ్లాసు బోర్లించే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అమ్మాయి నన్నడిగితే తనెందుకు జవాబు చెప్పాలి?

సిగరెట్లు. ఇంకేముంటుంది. మళ్ళీ మొదలుపెట్టాడు. చొక్కాలు వాసన చూశాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను, కాలర్లు, కఫ్‌లు, జేబులు, అన్నీ చూశాను, పొగ వాసన లేదు, లేకపోవడమే నాకు ఇంకా ఎక్కువ అనుమానం. పెళ్ళినాటికి ఈయన ఒకదాని నిప్పుతో ఇంకోటి ముట్టించే రకం. నా కోసం మేడమీద కాల్చేవాడు, వీధిలో కాల్చేవాడు, కాల్చి స్నానం చేసి వచ్చేవాడు, అయినా పొగ ఎక్కడో ఒకచోట పట్టుకుని ఇంట్లోకి వచ్చేది. ఒకరోజు పోపు వేస్తూ వేస్తూ నేను గట్టు పట్టుకుని కిందికి జారిపోయానట. పెదవులు నీలంగా అయిపోయాయట. లిఫ్టు పనిచేయడం లేదు, నన్ను భుజంమీద వేసుకుని ఆ మెట్లన్నీ దిగాడు, దిగుతూ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా రొప్పలేదు, అంత ఊపిరి ఉండేది ఆ మనిషికి. నాకు గుర్తున్నది మాత్రం తర్వాతది. ఆస్పత్రి మంచం పక్కన డస్టుబిన్ ఉంది, కాలితో నొక్కితే మూత లేచేది, దాన్ని నొక్కి జేబులో ప్యాకెట్టు తీసి నలిపి అందులో పడేశాడు. ఒట్టు వేయలేదు, చూశావా అనలేదు. మూత టప్పున పడింది. అంతే, ఆ తర్వాత ఒక్కటి కూడా ముట్టలేదు. నేను నమ్మానంటే నమ్మాను. లోకంలో అందరి ఫ్రిజ్‌ల వెనకా చెయ్యి పెట్టిన దాన్ని, ఈయన దగ్గర మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను. మా కాపురం నిలబడింది ఆ డస్టుబిన్ మూతమీదే. అది కూడా అబద్ధమైతే ఇక నేను దేన్ని పట్టుకుని నిలబడాలి?

"ఇంకెంతసేపండీ?" ఆయనే విజిలమ్మని అడుగుతున్నాడు.

"గాలి చేతిలో ఉంది బాబుగారూ, నా చేతిలో ఏముంది," అందామె.

నవ్వాడు. నవ్వి, నవ్వు మధ్యలో ఆపేశాడు. ఆపేసి గోడవైపు తిరిగాడు. ఈమధ్య ఏ నవ్వూ పూర్తిగా నవ్వడం లేదు, అది కూడా గమనించాను. "అలా వెళ్ళి కాఫీ దొరుకుతుందేమో చూసొస్తా," అని నాతో అన్నాడు, నా మొహం చూడకుండా. పసుపు దీపం వెలుగుతుండగా బయటికి వెళ్ళకూడదని చెప్పారుగా అన్నాను. కాఫీ మెషిను ఈ వరండాలోనే ఉంది, అదేమీ బయటకాదు అన్నాడు. ఎంత తొందర! తలుపు తెరుచుకుంది, చలి లోపలికి వచ్చింది, దాంతోపాటు అగ్గిపుల్ల వాసన ఇంకొంచెం వచ్చింది, తలుపు మూసుకుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పూ పొగా రెండూ ఉన్న కొండకిందికి వచ్చి, మొగుడి జేబులో సిగరెట్టు ఉందా లేదా అని నేను కుళ్ళిపోతున్నాను. పక్క బెంచీలో మా వ్యాను డ్రైవరు కాళ్ళు బారచాపి నిద్రపోతున్నాడు, కొండెక్కేవాళ్ళకి ఇక్కడిచ్చే హెల్మెట్టు మొహంమీద బోర్లించుకుని. అదృష్టవంతుడు.

నేనే అడిగాను కదా ఈ కొండని. చిన్నప్పుడు బళ్ళో గోడకి పటం ఉండేది, కొండని నిలువునా కోసి లోపల ఎర్రటి గొట్టం చూపించిన పటం. బళ్ళోకి నేను వెళ్ళిన రోజులకంటే వెళ్ళని రోజులే ఎక్కువ. సుద్దముక్క పొడి పడదు, పిల్లి పడదు, పూలు పడవు, పరుగు పడదు, చలిగాలి పడదు. మా అమ్మ కిటికీలన్నీ మూసేసి నా ఎదురుగా కూర్చునేది, మాట్లాడేది కాదు, నా గొంతుకింద గుంట చూస్తూ ఉండేది, ఊపిరందనప్పుడు అది లోపలికి పోతుంది. ఆ మూసిన గదిలో పడుకుని నేను పటంలో కొండ గురించే ఆలోచించేదాన్ని. దానికీ లోపల ఏదో అడ్డం పడింది, అందుకే అంత దగ్గుతోంది అనుకునేదాన్ని. నాకంటే పెద్ద ఆయాసం ఉన్నది లోకంలో ఒకటుందని, దాన్ని ఒక్కసారి చూడాలని. పెద్దయ్యాక ఆ మాటకి నవ్వు వచ్చింది కానీ కోరిక పోలేదు. ఏటా అడిగేదాన్ని. ఏటా ఆయన ఒకటే జవాబు, "నీకు అగ్నిపర్వతం ఎందుకే, ఇంట్లో నువ్వున్నావుగా," అని. నవ్వేవాళ్ళం, కొండ వచ్చే ఏటికి వాయిదా పడేది. డాక్టరమ్మ సరేనన్నాక కూడా ఈయన ఊ అనలేదు. ఊదారంగు ఇన్హేలరు రెండుపూటలా తప్పకుండా పీల్చుకోవాలి, నీలంది చేతిలో ఉండాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు, చలికి మూతికి ఉన్నిగుడ్డ చుట్టుకోవాలి, అన్నీ రాసిచ్చింది ఆవిడ. ఆవిడకేం, పైన నీకేదైనా అయితే మోసుకురావాల్సింది నేను అన్నాడు. అలాంటి మనిషి ఒక సాయంత్రం బయటినుంచి వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఒక చెప్పు విప్పి ఇంకోటి విప్పకుండానే, "వెళ్దాం. ఈ ఏడే వెళ్దాం," అన్నాడు.

ఎందుకు? అప్పుడూ అడగలేదు, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని. అడగకుండా వడ్డించే హోటలువాడిని నేనెప్పుడూ నమ్మలేదు, మరి ఆ రోజు ఎందుకు నమ్మాను? ఈ ఏడే, అని ఎందుకు నొక్కాడు? తప్పు చేసిన మగవాడు చీర తెస్తాడు, ఇంకా పెద్ద తప్పు చేసినవాడు నగ తెస్తాడు, మరి అగ్నిపర్వతం తెచ్చినవాడు ఏం చేసి ఉండాలి? మొదట్లో వేరే రకంగా కూడా అనుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, ఫోన్ చూశాను, అందులో మా అమ్మాయి, పళ్ళ డాక్టరు, కరెంటు రిపేరు తప్ప ఎవరూ లేరు. సిగరెట్లే. అపరాధం కడుక్కోవడానికి నన్ను కొండెక్కిస్తున్నాడు. అనుమానం పెనుభూతం అని మా అత్తగారు నన్ను చూసే అనేది, వంటగదులు చూసీ చూసీ నీకు మనుషులు కూడా గిన్నెల్లా కనిపిస్తున్నారే అని. నిజమే అయ్యుండొచ్చు. కానీ అత్తగారూ, మీరు లేరు కాబట్టి చెప్తున్నాను, ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఒకటి నా జేబులోనే ఉంది.

ఆ నీలం ఇన్హేలరు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఉబ్బసంతో బతికి ఉండాలి. దీన్ని కొన్నాళ్ళు వాడకుండా వదిలేస్తే మొదటి పఫ్ సరిగ్గా రాదు, మందు తక్కువ, ఉత్త గాలి ఎక్కువ, నీరసంగా తుస్సుమంటుంది. అందుకని వాడేముందు ఒకటి రెండుసార్లు గాలిలోకి కొట్టి పారేస్తాం. ఊదారంగుది వేళకి పీల్చుకోవడంవల్ల ఈమధ్య నాకు నీలందాని అవసరమే పడలేదు, ఇంట్లో బయలుదేరినప్పటినుంచి మూతే తీయలేదు. ఈ పొద్దున హోటల్ గదిలో, కొండకి వెళ్తున్నాం కదా పనిచేస్తోందో లేదో చూద్దామని గాలిలోకి ఒకటి కొట్టాను. కొట్టగానే నిండుగా వచ్చింది. తెల్లగా, బలంగా, నిన్ననే ఎవరో వాడినట్టు. ఇంకోటి కొట్టి చూశాను. అంతే నిండుగా వచ్చింది. అరచేతిలో తూచాను. ఉప్పు ఎంత వేశామో చేతికి తెలుస్తుంది, నాకు ఈ డబ్బా బరువు అలా తెలుసు, తేలికైపోయింది. సంచిలో అడుగున ఇంకోటి ఉంటుంది, అత్యవసరానికి దాచినది, తీసి ఊపితే అది మరీ ఖాళీ, లోపల ఏమీ కదల్లేదు. పాతదేమోలే, మర్చిపోయి అదే తెచ్చానేమోలే అనుకుని గదిలోనే వదిలేసి వచ్చాను. నేనా! పాతది సంచిలో పెట్టుకునే మనిషినా నేను? గది ఊడ్చే అమ్మాయిని అనుమానించాను, పాపం. మొన్న వ్యానులో సంచి డ్రైవరు పక్కన పెట్టినందుకు, ఇప్పుడు హెల్మెట్టుకింద గురకపెడుతున్న ఈ మనిషిని కూడా అనుమానించాను. ఎవరికి కావాలి ఒకరి ఎంగిలి ఇన్హేలరు? మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఇప్పుడు, ఈ బెంచీమీద. మందు వాసన, ప్లాస్టిక్ వాసన, ఆ కింద సన్నగా పిప్పరమెంటు వాసన.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడు వాసన చూసి ఉండడు. ఒళ్ళంతా మండిపోయింది. కాల్చడం ఒక ఎత్తు, కాల్చి దగ్గొస్తే నా మందు పీల్చుకోవడమా? నా ప్రాణం ఉన్న డబ్బాలోంచా? కాసేపట్లో పైన, పొగలో, నాకు గొంతు పట్టేసి నొక్కితే ఇందులో ఏమీ లేకపోతే? అది తట్టలేదా ఈ మనిషికి? తలుపు తెరుచుకుంటే ఇక్కడే, అందరి ముందూ, విజిలమ్మ ముందూ అడిగేస్తాను, కడిగేస్తాను. మాటలు వరసగా పేర్చుకున్నాను. ప్యాకెట్టు తీయండి అంటాను. జేబులు తిప్పండి అంటాను. నా ముందు ఎంతమంది యజమానులు జేబు రుమాళ్ళతో మొహం తుడుచుకోలేదు. తలుపు తెరుచుకుంది. రెండు కాగితం గ్లాసులతో ఆయన. నవ్వుతూనే ఉన్నాడు. అడుగులు మాత్రం లెక్క చూసుకున్నట్టు నెమ్మదిగా వేస్తున్నాడు. ఒక గ్లాసు నా చేతికిచ్చి, రెండోది బెంచీమీద పెట్టి, నా పక్కన కూర్చున్నాడు. మాటలు నా నాలుకమీదే ఉన్నాయి. ఆయన వంక తిరిగాను.

మోచేతులు మోకాళ్ళమీద ఆనించి ముందుకి వంగి కూర్చున్నాడు. భుజాలు చెవుల దాకా లేచాయి. పెదవులు సున్నాలా చుట్టి, ఎవరికీ వినిపించకుండా, కొంచెం కొంచెంగా గాలి వదులుతున్నాడు. కాలరు గుండీ విప్పుకుని ఉన్నాడు, గొంతుకింద గుంట లోపలికి పోతోంది, ఆగి, పైకి వస్తోంది. సిగరెట్టు కాల్చి వచ్చినవాడు అలా కూర్చోడు. ఆ కూర్చోవడం నాది. మంచం అంచుమీద, బస్‌స్టాపులో, పెళ్ళిపందిట్లో, మా అమ్మ ముందు, ఈయన ముందు, లోకంలో అందరి ముందూ నేను కూర్చున్నది అలాగే. ఆ భుజాలు నావి. ఆ సున్నా నాది. ఈయన ఒంటిమీద చూస్తుంటే నా చీర ఎవరో కట్టుకుని వచ్చినట్టుంది.

"ఏంటలా కూర్చున్నారు?"

"ఎలా?" గాలి వదిలాక అన్నాడు. "బూటు లేసు చూసుకుంటున్నా."

ఆయన బూట్లకి లేసులు లేవు. రెండు పక్కలా ఎలాస్టిక్. నేనే కొన్నాను, వంగి కట్టుకోవాల్సిన పని లేకుండా ఉంటాయని దుకాణంలో తనే ఏరుకుంటే. అదీ ఇప్పుడే తడుతోంది. బాల్కనీ తలుపు, పాలకొట్టు, గుమ్మం దగ్గర ఆగడం, సగంలో ఆగిపోయే నవ్వులు, అన్నీ అవే, ఒక్కటీ మారలేదు, నేను వాటిని తప్పు గదిలో పెట్టుకున్నాను అంతే. దాక్కుని కాల్చడం లేదు ఈ మనిషి. దాక్కుని ఊపిరి తీసుకుంటున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నా కళ్ళముందే తాగుతున్నాడు, నేను పాలగిన్నె లెక్క చూసుకున్నాను తప్ప పిల్లికి ఆకలెందుకైందో చూడలేదు. కాఫీ చేతిలో కాలుతోంది. ఏ రోజునుంచి? ఎంత ముదిరింది? ఆయన ఏమీ ఎరగనట్టు బోర్డు చూస్తున్నాడు. బోర్డు పసుపుగానే ఉంది.

అడగాలి. అడిగితే కొండ పోతుంది. తోడు గట్టి మనిషై ఉండాలి కదా, విజిలమ్మ చూస్తూ చూస్తూ వదలదు. అడక్కపోతే? ఒక్క అరగంట మెట్లు. ఇన్నాళ్ళు దాచినవాడు ఇంకో అరగంట దాచలేడా? నెమ్మదిగా ఎక్కుదాం, నా వంకతో ప్రతి మలుపులో ఆగుదాం, నాకు ఆయాసమని చెప్పి ఆయన్ని కూర్చోబెట్టొచ్చు, ఎవరికి తెలుస్తుంది? తొంగిచూసి దిగిపోదాం. నాకు ఆ ఎర్రటి గొట్టం చూడాలని ఉంది. ఎంత చూడాలని ఉందంటే, మొగుడు పక్కన గాలి దొరక్క కొట్టుకుంటుంటే మెట్లకి ఎన్ని మలుపులున్నాయో చూస్తున్నాను. ఛీ. పైన గాలి తిరగబడితే? ఉన్నది ఒకటే డబ్బా, అదీ తేలికైపోయింది. ఇద్దరికీ ఒకేసారి పట్టేస్తే ఎవరు ఎవరికిస్తారు? ఆయన నాకే ఇస్తాడు. నాకు అందులో ఏ అనుమానమూ లేదు, ఈ గదిలో ఇవాళ నేను అనుమానించనిది అదొక్కటే. ఇచ్చి, నన్ను మోసుకుని దిగబోతాడు, ఆ మెట్లన్నీ దిగినట్టు. రెండడుగులు కూడా వేయలేడు.

ఆకుపచ్చ వెలిగింది. గదంతా ఒక్కసారి లేచింది, హెల్మెట్లు, సంచులు, జిప్పులు. డ్రైవరు ఉలిక్కిపడి లేచి మొహం తుడుచుకున్నాడు. విజిలమ్మ గేటు గొలుసు మీద చెయ్యి వేసింది.

"ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందుకి రండి. మందు చేతిలో పట్టుకోండి. మీ తోడెవరమ్మా?"

"నేనేనండీ," అన్నాడు ఆయన. లేచి నిలబడ్డాడు, ఛాతీ పొంగించి మరీ. ఆ పొంగు కోసమే కూర్చున్నంతసేపూ ఊపిరి కూడబెట్టుకున్నాడని ఇప్పుడు అర్థమైంది.

"మీకు గుండె జబ్బు గానీ, ఆయాసం గానీ ఉన్నాయా?"

"నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. విజిలమ్మ కూడా నవ్వి గొలుసు తీయబోయింది.

"ఈయనకి ఆయాసం ఉందండి," అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. ఫ్రిజ్ జరిపినప్పుడు వంటవాళ్ళు చూసే చూపు అది, నాకు బాగా అలవాటైన చూపు, దాన్ని చూసి నేనెప్పుడూ కళ్ళు దించుకోలేదు. ఇప్పుడు దించుకున్నాను. "ఏంటే నువ్వు, ఇక్కడ..." అంటూ మొదలుపెట్టాడు కానీ వాక్యానికి సరిపడా గాలి లేదు. నీలం డబ్బా ఆయన చేతిలో పెట్టాను. పీల్చండి అన్నాను. ఇక్కడా అన్నాడు. ఇక్కడే అన్నాను. గోడవైపు తిరిగాడు. డబ్బా ఊపాడు. లోపలున్న గాలంతా వదిలేశాడు. పెదవులు బిగించి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నాకు అలా చేతనవడానికి ఏళ్ళు పట్టింది. మొదటిసారి ఎవరికీ అంత బాగా రాదు. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, ఎవరూ నేర్పేవాళ్ళు లేకుండా, నన్ను చూసీ చూసీ నేర్చుకున్నాడు.

విజిలమ్మ ఆయన రెక్క పట్టుకుని బెంచీమీద కూర్చోబెట్టింది. "మీకు వేరే తోడు ఎవరైనా ఉంటే వెళ్ళొచ్చమ్మా," అంది నాతో. డ్రైవరు వెంటనే, "నేను వస్తాను మేడమ్, ఎన్నిసార్లు ఎక్కలేదు," అన్నాడు. మంచివాడు, నేను ఎన్ని అనుకున్నానో ఈ మనిషిని. ఆయన డబ్బా మూత పెట్టి నాకు చాపాడు. "వెళ్ళు. అతనితో వెళ్ళు. చూసొచ్చి చెప్పు నాకు," అన్నాడు. గేటు అవతల నల్లటి మెట్లు కనిపిస్తున్నాయి, వాటిమీద జనం అప్పుడే ఎక్కుతున్నారు, పొగ అటువైపుకి ఒరిగింది, ఆకాశం కనిపిస్తోంది. వెళ్ళాలని ఉంది. ఎంత ఉందో చెప్పలేను. చాపిన చేతిలో డబ్బా ఒక్కటే ఉంది. దాన్ని తీసుకోలేదు, ఆయన వేళ్ళే దానిచుట్టూ మూసేసి పక్కన కూర్చున్నాను. డ్రైవరుని వెళ్ళిరమ్మన్నాను. గొలుసు పడింది.

గది ఖాళీ అయింది. నా నోట్లోంచి వచ్చింది తనిఖీ ప్రశ్నే, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది. "నాది ఎందుకు వాడారు? మీకంటూ ఒకటి తెచ్చుకోవచ్చుగా?"

"కొత్తది ఇంట్లోకి వస్తే నీకు దొరక్కుండా ఉంటుందా?" అన్నాడు. "నీదయితే ఇంట్లో ఉన్నదే కదా అనుకున్నా."

నవ్వాను. ఏడుస్తూ నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి, సగంలో ఆగి, ఈసారి గోడవైపు తిరగలేదు. నా ముందే దగ్గాడు, పూర్తిగా. దగ్గయ్యాక అన్నాడు, "ఈ ఏడే వెళ్దామన్నానే, ఆ సాయంత్రమే డాక్టరు చెప్పాడు, పాత సిగరెట్ల పుణ్యమేనట. వచ్చే ఏటికి మెట్లు ఎక్కలేనేమో అన్నాడు. నువ్వేమో ఒంటరిగా వెళ్ళలేవు."

నాకు కోపం వచ్చింది, చాలా కోపం, దానికింద భయం. ఈ భయంతో ఈయన ఇన్నేళ్ళు ఎలా పడుకున్నాడు నా పక్కన? ఎలా పాలు తెచ్చాడు, ఎలా జోకులు వేశాడు? ఇంటికి చేరగానే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను, ముందు ఈ కొండ దిగాలి, ముందు ఈ దగ్గు తగ్గాలి. కాలరు సర్దుతానంటే వద్దనలేదు. గొంతుకింద గుంట లోపలికి పోయింది. పైకి వచ్చింది. మళ్ళీ పోయింది. కొండమీంచి జనం ఒక్కసారిగా కేకలు వేశారు, ఏదో ఎగిసిపడి ఉంటుంది, కిటికీ అద్దం సన్నగా వణికింది. నేను తల తిప్పలేదు. ఆ గుంట మళ్ళీ పైకి వస్తుందో రాదోనని చూస్తున్నాను.